పొగాకు డబ్బుతో చదివి పొగాకు మీదే కేసులు

జనవరి నుంచి ఏప్రిల్ దాకా మా అమ్మ చేతులు నల్లగా ఉండేవి. పచ్చి పొగాకు ఆకు పట్టుకుంటే జిగురు అంటుకుంటుంది, అది కాసేపటికి నల్లబడిపోతుంది, సబ్బు పెట్టి ఇసకతో రుద్దినా పోదు. ఆ చేత్తో అన్నం కలిపి ముద్ద పెడితే నాలిక మీద చేదు తగిలేది. అది పొగాకు చేదు అని చిన్నప్పుడు నాకు తెలీదు, అమ్మ చేతి రుచే అంత అనుకునేదాన్ని.

మాది ప్రకాశం జిల్లా కొండపి వైపు ఒక చిన్న ఊరు. నాన్నకి ఒక బ్యారన్ (కోసిన పొగాకుని మంట వేడికి ఆరబెట్టే గది), సొంతం నాలుగెకరాలు, కౌలుకి ఇంకో నాలుగు. తెల్లారకముందే మంచులో ఆకు కోయడానికి వెళ్లేవాళ్లు, ఎందుకంటే ఎండెక్కేలోపు ఆకు బ్యారన్ దగ్గరికి చేరాలి, కర్రలకి కట్టాలి, సాయంత్రానికి బ్యారన్ నిండాలి. బట్టలు మంచుకి తడిసి ఒంటికి అంటుకుపోయేవి. కొన్ని రాత్రులు అమ్మ వాంతులు చేసుకునేది, కళ్లు తిరుగుతున్నాయని గోడ పట్టుకుని కూర్చునేది, ముఖం పాలిపోయేది. పైత్యం అనేవాళ్లు. అల్లం రసం, నిమ్మకాయ నీళ్లు, పొద్దున్నే మళ్లీ చేలోకి. కూలికొచ్చే ఆడవాళ్లలో కూడా ఏటా ఇద్దరు ముగ్గురికి ఇదే, అందరికీ పైత్యమే.

ఆ పైత్యానికి అసలు పేరు నాకు ముప్పై ఐదేళ్లు వచ్చాక తెలిసింది, అదీ ఏ డాక్టరో చెప్పి కాదు, ఒక పని కోసం కాగితాలు చదువుతుంటే. ఆ సంగతి చివర్లో చెప్తా.

ఈ మధ్య లా చదివే పిల్లలు కొందరు మెసేజ్ పెట్టారు, మేడం మీరు పబ్లిక్ హెల్త్ లో ప్రాక్టీస్ చేస్తారంట కదా, అసలు అందులో లాయర్ కి పనేముంటది అని. ఒక్కొక్కరికి విడిగా రాసే బదులు ఇక్కడే రాస్తున్నా, కొంచెం పెద్దదే అవుద్ది, ఓపిక చేసుకుని చదవండి.

నేను ఎన్‌రోల్ అయింది 2000 లో. 2000-01 సీజన్ కి ఆంధ్రాలో వర్జీనియా పొగాకుకి క్రాప్ హాలిడే, అంటే ఆ ఏడు పంట వేయొద్దని ప్రకటించారు, నిల్వలు పేరుకుపోయి. నాకు ఊహ తెలిసాక మా బ్యారన్ కి మంట లేని ఏడు అదొక్కటే. నాన్న ఖాళీ బ్యారన్ ముందు మంచం వేసుకుని అలా కూర్చునేవాడు. మామూలు రోజుల్లో అయితే ఆ టైముకి రాత్రి రెండు గంటలకి లేచి టార్చిలైటు వేసి చిన్న కిటికీలోంచి థర్మామీటర్ చూసి, ఆకు పసుపు తిరిగిందా, ఈనె ఆరిందా అని చూసుకుని, ఇంకో రెండు కట్టెలు ఎగదోసి వచ్చేవాడు. నా నల్ల కోటు, గౌను, ఎన్‌రోల్‌మెంట్ ఫీజు అన్నీ అంతకుముందు ఏడు వేలంలో అమ్మిన బేళ్ల డబ్బులే. ఈ మాట నాన్న తర్వాత చాలాసార్లు గుర్తు చేసాడు, గుర్తు చేయడంలో తప్పేం లేదు.

జూనియర్ గా చేరిన కోర్టు పేరు చెప్పను. అక్కడ బార్ రూమ్ తలుపు తీస్తే పొగ మొహానికి కొట్టేది. నాతో పాటు చేరిన ఇంకో అమ్మాయికి ఆస్తమా, తను ఎండలో వానలో వరండాలోనే నిలబడి బండిల్స్ సర్దుకునేది, లోపలికి వచ్చేది కాదు. అంతకుముందే 1999 లో కేరళ హైకోర్టు బహిరంగ ప్రదేశాల్లో పొగ తాగడం చట్టవిరుద్ధం అని చెప్పింది. 2001 నవంబర్ 2 న మురళీ దేవరా కేసులో సుప్రీంకోర్టు దేశం మొత్తానికి ఆర్డర్ ఇచ్చింది. పొగ తాగని మనిషి పక్కవాడి పొగ వల్ల ఎందుకు జబ్బు పడాలి, ఆర్టికల్ 21 కింద బతికే హక్కు ఉంది కదా అనేది అందులో అసలు ముక్క. ఆస్పత్రులు, విద్యాసంస్థలు, లైబ్రరీలు, ప్రభుత్వ ఆఫీసులు, బస్సులు రైళ్లు అని లిస్టు ఉంది, ఆ లిస్టులో కోర్టు బిల్డింగులు కూడా ఉన్నాయి.

ఆ ఆర్డర్ జెరాక్స్ తీయించి, కోర్టు బిల్డింగులు అన్న చోట ఎర్ర పెన్నుతో గీత గీసి బార్ రూమ్ నోటీస్ బోర్డుకి అంటించా. మధ్యాహ్నానికి చింపేసారు. మళ్లీ అంటించా, మళ్లీ చింపారు. మూడోసారి మా సీనియర్ గారు పిలిచారు. ఆయనకి రోజుకి రెండు ప్యాకెట్లు కావాలి, తిడతారేమో అనుకున్నా. "అమ్మాయ్, అంటించిన కాగితం చింపుతారు. ఆర్డర్ కాపీ జత చేసి జడ్జి గారికి అప్లికేషన్ పెట్టు, ఇన్వర్డ్ నంబర్ వేయించుకుని రా. నంబర్ పడ్డ కాగితాన్ని ఎవరూ చింపలేరు" అన్నారు. ఇన్వర్డ్ నంబర్ అంటే కాగితం ఆఫీసుకి అందినట్టు రిజిస్టర్ లో వేసే నంబర్. మూడు వారాల్లో సర్క్యులర్ వచ్చింది. ఆ రోజు నుంచి ఆయన కూడా బయట వేపచెట్టు కిందకెళ్లి తాగేవారు, నన్ను ఒక్క మాట అనలేదు. వరండా అమ్మాయి లోపలికొచ్చి కుర్చీలో కూర్చుంది. నా కెరీర్ లో పెద్ద కేసులు చాలా చూసా గానీ ఆ కుర్చీ నాకు ఇప్పటికీ కళ్లకి కట్టినట్టు ఉంటది.

2003 లో సిగరెట్లు, పొగాకు ఉత్పత్తుల మీద అసలు చట్టం వచ్చింది, అందరూ కోట్పా అంటారు. దాని పూర్తి పేరు రాస్తే నాలుగు లైన్లు. సెక్షన్ 4 బహిరంగ ప్రదేశాలు, 5 ప్రకటనలు, 6 అమ్మకం, 7 ప్యాకెట్ మీద హెచ్చరిక. చట్టం 2003 ది అయినా బహిరంగ ప్రదేశాల కొత్త రూల్స్ గట్టిగా అమల్లోకి వచ్చింది 2008 అక్టోబర్ 2, గాంధీ జయంతి రోజు. ఆ రూల్స్ లో బోర్డు సైజు కూడా ఉంది, 60 సెంటీమీటర్లకి 30 సెంటీమీటర్లు తగ్గకూడదు, ఎవరైనా పొగ తాగితే ఎవరికి చెప్పాలో ఆ మనిషి పేరు బోర్డు మీద ఉండాలి. ఆ తర్వాత రెండేళ్లు నా బ్యాగులో టేపు ఉండేది. ఆస్పత్రులు, బస్టాండ్లు, ఆఫీసులు తిరిగి బోర్డులు కొలిచేదాన్ని. చాలా చోట్ల బోర్డు ఉండేది గానీ పేరు ఉండాల్సిన చోట ఖాళీ గీత ఉండేది. ఆ గీత మీద ఒక పేరు రాయించడానికి ఒక్కో ఆఫీసుకి మూడు ఉత్తరాలు, ఒక ఆర్టీఐ పట్టేవి. ఇదేం లాయర్ పని అని ఇంట్లో అడిగేవాళ్లు, కానీ పేరు ఉంటేనే ఫోన్ ఎత్తుతారు, ఖాళీ గీతకి ఫోన్ చేసి ఏం చెప్తాం.

సెక్షన్ 6 దగ్గర ఒక సంఘటన చెప్పాలి. 18 ఏళ్ల లోపు పిల్లలకి అమ్మకూడదు, విద్యాసంస్థకి 100 గజాల లోపు అసలు అమ్మకూడదు. 100 గజాలంటే 91 మీటర్ల పైన కాస్త. ఒక హైస్కూల్ హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసారు, ఎనిమిదో తరగతి పిల్లలు ఇంటర్వెల్ లో గోడ దూకి వెనక సందులో బడ్డీ కొట్టుకెళ్తున్నారు, ఒక్కో సిగరెట్ విడిగా కొని ముగ్గురు పంచుకుంటున్నారు అని. నేను, ఒక కానిస్టేబుల్ గారు, టేపు పట్టుకుని వెళ్లాం. కొట్టు నడిపేది యాభై దాటిన ఒకావిడ. ఆమె ముందే తయారుగా ఉంది, "గేటు కాడ్నించి కొలుచుకోండి మేడం, నూటిరవై దాటుద్ది, నేను కూడా కొలిపించుకున్నా" అంది. నిజమే, గేటు దగ్గర్నుంచి రోడ్డు చుట్టూ తిరిగొస్తే దాటుద్ది. కానీ రూల్ అలా లేదు. స్కూలు ప్రహరీ గోడ బయటి అంచు నుంచి వృత్తం గీసినట్టు నేరుగా కొలవాలి. ప్రహరీ నుంచి ఆమె కొట్టుకి పన్నెండు అడుగులు. గజాలు కాదు, అడుగులు. కానిస్టేబుల్ గారు టేపు రెండో చివర పట్టుకుని నవ్వబోయి ఆమె మొహం చూసి ఆగిపోయారు.

ఆమె ఏడవలేదు, కోప్పడలేదు. బిస్కెట్ ప్యాకెట్ మీద ఎంత మిగులుద్దో, విడి సిగరెట్ మీద ఎంత మిగులుద్దో వేళ్ల మీద లెక్క చెప్పింది, మొగుడు లేడు, కొడుకు ఐటీఐ చదువుతున్నాడు అంది. నాకు నాన్న గుర్తొచ్చాడు, ఆయన కూడా అచ్చం ఇలాగే లెక్క చెప్తాడు, కట్టెలకి ఇంత, కూలికి ఇంత, మిగిలేది ఇంత. ఆ రోజు రాసింది 200 రూపాయల చలాన్, చట్టంలో అంతకి మించి లేదు. సిగరెట్లు తీసేసింది, ఆరు నెలల తర్వాత వెళ్తే మళ్లీ పెట్టింది, మళ్లీ చలాన్ రాసారు. ఆ పై ఏడు అక్కడ ఆమె కొడుకు జెరాక్స్ మిషన్ పెట్టాడు. స్కూలు పక్కన కాబట్టి బాగానే నడిచింది.

ఆ రోజు ఇంటికొచ్చాక ఇంకో సంగతి తట్టింది. ఆ పిల్లలు కొన్నది విడి సిగరెట్. విడి సిగరెట్ కి ప్యాకెట్ ఉండదు, ప్యాకెట్ లేకపోతే దాని మీద హెచ్చరిక బొమ్మా ఉండదు. మన చట్టం చెప్పదలుచుకున్నదంతా ప్యాకెట్ మీదే రాసుకుంది. ఈ ఆలోచన అప్పుడు మొదలైంది, ఇప్పటికీ వదల్లేదు.

ఇక గుట్కా. ఇది రాయాలంటే చెయ్యి బరువెక్కుద్ది, ఎందుకంటే మా బాబాయ్ దానితోనే పోయాడు. లారీ నడిపేవాడు, రాత్రిళ్లు నిద్ర రాకుండా బుగ్గన పెట్టుకునేవాడు. నోరు తెరిస్తే మన మూడు వేళ్లు నిలువుగా పట్టాలి, అదీ డాక్టర్లు చూసే లెక్క. బాబాయ్ కి ఒక వేలు పట్టేది కాదు. చివరి సంక్రాంతికి పిన్ని అరిసెని పాలలో నానబెట్టి స్పూన్ తో పెడుతుంటే అది కూడా పెదాల దగ్గరే ఆగిపోయింది. నలభై ఆరేళ్లు.

చట్టం గుట్కాని చాలాకాలం పట్టుకోలేకపోయింది. కొన్ని రాష్ట్రాలు నిషేధిస్తే 2004 లో గోదావత్ కేసులో సుప్రీంకోర్టు, ఆ పాత ఆహార కల్తీ చట్టం కింద రాష్ట్ర అధికారికి అంత అధికారం లేదని కొట్టేసింది. తర్వాత 2011 లో ఆహార భద్రతా చట్టం కింద రెగ్యులేషన్స్ వచ్చాయి, అందులో 2.3.4 అని ఒక చిన్న క్లాజు, ఏ ఆహార పదార్థంలోనూ పొగాకు గానీ నికోటిన్ గానీ కలపకూడదు అని. అంతే, ఒక్క వాక్యం. దాన్ని పట్టుకుని 2012 ఏప్రిల్ 1 న మధ్యప్రదేశ్ మొదట నిషేధించింది, తర్వాత ఒక్కో రాష్ట్రం వరసగా, మన రాష్ట్రం కూడా. గుట్కా ఆహారమా కాదా అనే ప్రశ్న మీద ఏళ్ల తరబడి వాదించుకున్న దేశంలో ఒక్క క్లాజు అంత పని చేసింది. ఆ క్లాజు రాసిన మనిషి ఎవరో నాకు తెలీదు గానీ దణ్ణం పెట్టాలి.

కానీ కంపెనీలు వెంటనే దారి వెతుక్కున్నాయి. పాన్ మసాలా ఒక పొట్లం, పొగాకు ఇంకో పొట్లం, కొట్టువాడు రెండూ చేతిలో పెడతాడు, కొన్నవాడు అరచేతిలో కలుపుకుంటాడు. పోలీసులు వ్యాన్లకి వ్యాన్లు పట్టుకున్నారు, పేపర్లలో ఫొటోలు వచ్చాయి, కేసులు మాత్రం హైకోర్టుల్లో నిలబడలేదు. ఎందుకంటే చాలా ఎఫ్ఐఆర్ లలో ఐపీసీ 188, అంటే అధికారి ఇచ్చిన ఉత్తర్వు ధిక్కరించడం అనే సెక్షన్, పెట్టేవాళ్లు. 188 కి పోలీస్ ఛార్జిషీటు పనికిరాదు, ఆ ఉత్తర్వు ఇచ్చిన అధికారి గానీ ఆయన పైవాళ్లు గానీ రాతపూర్వకంగా కోర్టుకి ఫిర్యాదు ఇవ్వాలి, 2024 దాకా అమల్లో ఉన్న సీఆర్పీసీ 195 అదే చెప్పేది. ఆహార భద్రతా చట్టం కింద అయితే ఫుడ్ సేఫ్టీ ఆఫీసర్ శాంపిల్ తీయాలి, ల్యాబ్ కి పంపాలి, రిపోర్ట్ రావాలి, దానికి టైము లెక్కలు ఉన్నాయి. 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, ఆ చట్టం వర్తించే చోట కల్తీ సెక్షన్లు ఐపీసీ 272, 273 కలిపి నడపడం కుదరదు అని. కేసు కొట్టేసిన ఆర్డర్ ఒక్కోటి చదువుతుంటే కడుపు రగిలిపోయేది, జడ్జి గార్ల మీద కాదు, వాళ్లు చట్టం ప్రకారమే రాసారు. పట్టుకున్నవాళ్లు నిజాయితీగా పట్టుకున్నారు, వ్యాన్ లో సరుకు నిజంగా ఉంది, అయినా రాసిన సెక్షన్ తప్పు కాబట్టి వ్యాన్ మళ్లీ రోడ్డెక్కింది.

దాని మీద నేను చేసింది చిన్న పనే. తెలుగులో రెండు పేజీల కాగితం తయారు చేసా. దొరికినప్పుడు ఎవర్ని పిలవాలి, ఎవరు సీల్ వేయాలి, పొట్లం మీద హెచ్చరిక బొమ్మ లేకపోతే కోట్పా సెక్షన్ 7 ఎలా పెట్టాలి, ఏ సెక్షన్ పెట్టకూడదు. స్టేషన్లలో, ట్రైనింగుల్లో పంచా. ఒక ఎస్ఐ గారు దాన్ని లామినేట్ చేయించి జీపులో పెట్టుకున్నారు. లా చదివే పిల్లలకి నేను చెప్పేది ఇదే, పిల్ (ప్రజాప్రయోజన వ్యాజ్యం) వేస్తేనే పబ్లిక్ హెల్త్ అనుకోకండి, ఒక ఎఫ్ఐఆర్ సరిగ్గా రాయించినా అది ఎవరి బాబాయ్ కో పనికొస్తది.

ఇప్పుడు ఇంట్లో గొడవ చెప్తా. ప్యాకెట్ మీద బొమ్మలు 2009 మే 31 న మొదలయ్యాయి, అప్పుడు ముందు వైపు 40 శాతమే. 2014 అక్టోబర్ లో రెండు వైపులా 85 శాతం చేస్తూ నోటిఫికేషన్ ఇచ్చారు, అది వాయిదాలు పడి పడి 2016 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకొచ్చింది. ఆ మధ్యలోనే 2015. ఆ ఏడు పంట ఎక్కువ, బయటి దేశాల్లో గిరాకీ తక్కువ, ధర పడిపోయింది. నాన్న బేళ్లు వేలం కేంద్రానికి తీసుకెళ్లి, ఎవరూ పాడలేదని ఇచ్చే నోబిడ్ చీటీతో మళ్లీ ట్రాక్టర్ లో వెనక్కి తెచ్చుకున్నాడు, రెండుసార్లు. ప్రకాశంలో రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నాన్నతో పాటు వేలానికి వెళ్లే ఒకాయన కూడా పోయాడు, ఆయన బేళ్లు ఇంకా మా షెడ్డులోనే ఉన్నాయి అప్పటికి. సరిగ్గా అప్పుడు ఊళ్లలో రైతుల మీటింగులు, 85 శాతం బొమ్మ వస్తే మన పని అయిపోయినట్టే అని.

నేను ఇంటికెళ్తే నాన్న అన్నం ముందు కూర్చుని అడిగాడు, "ఆ బొమ్మ కావాలని కాగితాలు రాసేవాళ్లలో నువ్వూ ఉన్నావంట, నిజమేనా." నిజమే అన్నా. లేచి బీరువాలోంచి బ్యారన్ లైసెన్స్ పుస్తకం తెచ్చి నా కంచం పక్కన పెట్టాడు. "ఇది ఇచ్చింది గవర్నమెంటే. ఎన్ని కేజీలు పండించాలో రాసిచ్చింది గవర్నమెంటే. వేలం పెట్టేది గవర్నమెంటే. ఆ బొమ్మ వేసేది ఇంకో గవర్నమెంటా?" 

నా దగ్గర జవాబు లేదు. పొగాకు బోర్డు 1976 నుంచి గుంటూరు కేంద్రంగా పనిచేస్తుంది, వాణిజ్య శాఖ కింద. కోట్పా ఆరోగ్య శాఖది. ఒకే గవర్నమెంటు ఒక చేత్తో పండించమంటుంది, ఇంకో చేత్తో తాగొద్దంటుంది, మధ్యలో నాన్న. 2010 లో బెంగళూరులో జరిగిన ఒక అంతర్జాతీయ పొగాకు పరిశ్రమ సదస్సుకి బోర్డు స్పాన్సర్ గా ఉంటే కర్ణాటక హైకోర్టులో పిల్ పడింది, అప్పుడు బోర్డు తప్పుకుంది. ఆ కేసు కాగితాలు నేను పాఠంలా చదువుకున్నా, ఎందుకంటే మనం 2004 ఫిబ్రవరిలో సంతకం ఖాయం చేసిన డబ్ల్యూహెచ్ఓ పొగాకు ఒప్పందంలో ఆర్టికల్ 5.3 ఉంది, పరిశ్రమ ప్రయోజనాలు ఆరోగ్య విధానంలో వేలు పెట్టకుండా చూసుకోవాలని. అదే ఒప్పందంలో ఆర్టికల్ 17 కూడా ఉంది. పొగాకు పండించేవాళ్లకి, అందులో పనిచేసేవాళ్లకి గిట్టుబాటయ్యే వేరే బతుకు దారి చూపించాలని. 5.3 మీద కోర్టుకెళ్లేవాళ్లు దొరుకుతారు. 17 మీద ఎవరూ వెళ్లరు. నేనూ వెళ్లలేదు అప్పటిదాకా. నాన్న ఆ పుస్తకం పెట్టిన రాత్రి నుంచి వరసగా రాస్తూనే ఉన్నా, శనగ, మిరప, సుబాబుల్ అని చెప్పి వదిలేస్తే సరిపోదు, వాటికి కూడా వేలం కేంద్రం లాంటి కొనే ఏర్పాటు ఉండాలి, బ్యారన్ మీద పెట్టిన అప్పు ఎవరు తీరుస్తారో చెప్పాలి అని.

బొమ్మ విషయంలో మాత్రం వెనక్కి తగ్గలేదు. 2017 డిసెంబర్ లో కర్ణాటక హైకోర్టు 85 శాతం రూల్స్ కొట్టేసింది, మాలాంటివాళ్లం ఆ రాత్రి నిద్రపోలేదు. 2018 జనవరి 8 న సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది, పౌరుడి ఆరోగ్యానికే మొదటి చోటు అన్న అర్థం వచ్చేలా. నాన్నకి ఫోన్ చేసి చెప్పా. "సరేలే" అన్నాడు, కాసేపాగి "మీ బాబాయ్ కి ఆ బొమ్మ ముందే కనపడుంటే" అని పెట్టేసాడు. 2009-10 సర్వేలో దేశంలో పెద్దవాళ్లలో 34.6 శాతం ఏదో ఒక రూపంలో పొగాకు వాడేవాళ్లు, 2016-17 కి అది 28.6 అయింది. ఆ ఆరు శాతంలో బొమ్మ వాటా ఎంత, పన్ను వాటా ఎంత, గుట్కా నిషేధం వాటా ఎంత అని విడదీయడం కష్టం, కానీ ఆరు శాతం అంటే ఈ దేశంలో కోట్ల మంది.

అయినా ఆ ప్యాకెట్ ఆలోచన వదల్లేదని చెప్పా కదా. శ్రీకాకుళం వైపు దంత వైద్యులతో కలిసి న్యాయ అవగాహన క్యాంపుకి వెళ్లినప్పుడు ఒక ముసలమ్మ అరుగు మీద కూర్చుని చుట్ట కాలుస్తుంది, నిప్పు ఉన్న కొస నోట్లో పెట్టుకుని. అడ్డపొగ అంటారు, అక్కడ తీరం ఊళ్లలో ఆడవాళ్లకి ఎప్పటినుంచో ఉన్న అలవాటు. గాలికి ఆరిపోకుండా, చేతులు ఖాళీగా ఉండి పని చేసుకోవడానికి వీలుగా అని చెప్పింది. డాక్టర్ గారు టార్చి వేసి అంగిలి చూపించారు, తెల్లగా, మందంగా, మధ్యమధ్యలో ఎర్ర చుక్కలు. అడ్డపొగ వల్ల అంగిట్లో క్యాన్సర్ వస్తదని వైద్యులకి దశాబ్దాల నుంచి తెలుసు. నేను ఆమెకి కోట్పా గురించి ఏం చెప్పాలి? ఆమె చుట్ట ఆమే చుట్టుకుంటుంది. ప్యాకెట్ లేదు, బొమ్మ లేదు, కొట్టు లేదు, 100 గజాలు లేవు, తాగేది తన సొంత అరుగు మీద. నా బ్యాగులో ఉన్న ఏ కాగితమూ ఆమె దాకా రాదు. బయాప్సీకి రమ్మని డాక్టర్ గారు, నేను గంటసేపు బతిమాలాం. వచ్చింది, మనవరాలిని తోడు తీసుకుని.

ఇప్పుడు ఆ పైత్యం సంగతి. 2012 ప్రాంతంలో పొగాకు ఒప్పందం ఆర్టికల్ 18 మీద ఒక నోట్ తయారు చేస్తున్నా, సాగులో పనిచేసేవాళ్ల ఆరోగ్యం గురించిన ఆర్టికల్ అది. చదువుతుంటే గ్రీన్ టొబాకో సిక్‌నెస్ అని కనపడింది. మంచుకో చెమటకో తడిసిన పచ్చి ఆకు నుంచి నికోటిన్ నీళ్లలో కరిగి చర్మంలోంచి ఒంట్లోకి వెళ్లిపోద్ది. లక్షణాలు రాసున్నాయి, వికారం, వాంతులు, తల తిరగడం, తలనొప్పి, ముఖం పాలిపోవడం, ఆ సాయంత్రమో రాత్రో మొదలై ఒకట్రెండు రోజుల్లో తగ్గిపోవడం. అమెరికాలో ఫ్లోరిడా పొగాకు కూలీల్లో 1970 లోనే డాక్టర్లు రాసిపెట్టారు. మన దేశంలో గుజరాత్ కూలీల మీద కూడా ఆ తర్వాత పరిశోధన జరిగింది. అంటే నేను పుట్టకముందే దీనికి పేరుంది. మా అమ్మ గోడ పట్టుకుని కూర్చున్న ప్రతి రాత్రీ దీనికి పేరుంది.

రాత్రి పదయింది, అయినా ఫోన్ చేసా. అమ్మా అది పైత్యం కాదే, ఆకులో విషం ఒంట్లోకి దిగడం, సిగరెట్ తాగకుండానే తాగినంత అని గబగబా చెప్పేసా. అమ్మ మొత్తం విని, "పేరు తెలిస్తే తగ్గుద్దా పాపా" అంది.

ఆ ప్రశ్నకి లాయర్ గా నా దగ్గరున్న జవాబు ఒక్కటే, ఇన్వర్డ్ నంబర్. సంబంధిత ఆఫీసుకి ఒక రిప్రజెంటేషన్ పెట్టా. రైతుకి ఏటా ఇచ్చే కాగితాల్లోనే తెలుగులో నాలుగు లైన్లు వేయండి అని. మంచు ఆరేదాకా ఆకు ముట్టుకోవద్దు, ముట్టుకోవాల్సి వస్తే గ్లవుజులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి, తడిసిన బట్టలు వెంటనే మార్చి సబ్బుతో కడుక్కోండి, గర్భంతో ఉన్నవాళ్లని, పిల్లల్ని ఆకు పనికి పెట్టొద్దు. ప్యాకెట్ మీద 85 శాతం చోటు అడిగిన నేను అక్కడ అడిగింది నాలుగు లైన్లు. పరిశీలనలో ఉంది అని రెండుసార్లు జవాబొచ్చింది. మూడోది ఈ నెల పంపా, ఈసారి ఆర్టికల్ 18 తో పాటు డాక్టర్ గారి సర్టిఫికెట్లు కూడా జత చేసా, మా ఊరి ఆడవాళ్లవి ఆరు. ఇదీ కదలకపోతే హైకోర్టుకే, రిట్ డ్రాఫ్ట్ రెడీగా ఉంది.

ఇప్పుడు బ్యారన్ తమ్ముడు చూసుకుంటున్నాడు, అందులో సగం పొలానికి శనగ వేసాడు పోయినేడు నుంచి. అమ్మ ఇంకా ఆకు దగ్గరికి వెళ్తది, వద్దంటే వినదు, కూలోళ్లు ఎట్లా కడుతున్నారో చూడాలి అంటది. సంక్రాంతికి వెళ్లినప్పుడు రబ్బరు గ్లవుజులు ఇరవై జతలు తీసుకెళ్లా. మొదటి రోజు అరగంట వేసుకుని చెమట పడుతుందని తీసేసారు అందరూ. మంచు ఉన్నంతసేపు వేసుకోండి, ఎండొచ్చాక తీసేయండి అని బతిమాలి వచ్చా.

నిన్న అమ్మ ఫోన్ చేసింది. ఇంకో పన్నెండు జతలు కావాలంట, పక్క బ్యారన్ వాళ్లు కూడా అడుగుతున్నారంట. మొన్న తెచ్చినవి మగవాళ్ల సైజు, వేళ్ల చివర వదులుగా ఉండి ఆకు కట్టేటప్పుడు దారం పట్టు చిక్కట్లేదు, ఈసారి చిన్నవి పంపు అంది.